ఇరుకింట్లో కుందేలుకు చోటు: విశాఖ ఫ్లాట్లలో సొంతంగా గూడు కట్టుకునేవాళ్ళు తరచుగా అడిగే ప్రశ్నలు

అక్కయ్యపాలెంలో మాది ఒకే పడకగది ఉన్న అద్దె ఇల్లు, రెండో అంతస్తు. గవ్వ, బొంగరం అని రెండు కుందేళ్ళు ఆరేళ్ళుగా మాతోనే ఉంటున్నాయి. వాటికోసం మూడుసార్లు గూడు కట్టాను, రెండుసార్లు విప్పాను. పిల్లలు ముచ్చటపడ్డారని తెచ్చేసుకుని, ఎక్కడ ఉంచాలో తోచక ఫోన్ చేసేవాళ్ళు వారానికి ఒకరైనా ఉంటారు. అందరూ అడిగేవి తిప్పి తిప్పి ఇవే. ఏ ప్రశ్నకు ఆ జవాబు సరిపోయేలా రాశాను, మీకు కావలసిన చోట నుంచే చదువుకోవచ్చు.

## తెచ్చుకునే ముందు, తెచ్చుకున్న వెంటనే

షాపువాళ్ళు కుందేలుతోపాటు బోను కూడా ఇచ్చారు. అది చాలదా?

చాలదండీ. ఆ బోన్లు రెండడుగుల పొడవు కూడా ఉండవు. అంతకంటే పెద్ద ఇబ్బంది అడుగున ఉండే తీగల జాలీ. కుక్కకూ పిల్లికీ ఉన్నట్టు కుందేలు పాదం కింద మెత్తటి దిండు ఉండదు, బొచ్చే ఉంటుంది. తీగల మీద నిలబడి నిలబడి ఆ బొచ్చు ఊడిపోతుంది, వెనక మడమలు ఎర్రబడతాయి, పుండ్లు పడతాయి. గవ్వను మొదటి నాలుగు నెలలు నేను అలాంటి బోనులోనే ఉంచాను. అమ్మినాయన "రెట్టలు కిందికి పడిపోతాయి, శుభ్రంగా ఉంటుంది" అన్నాడు, నమ్మాను. ఒకరోజు ఒళ్ళో పడుకోబెట్టుకుని చూస్తే రెండు మడమలకూ పుండ్లు. మానడానికి రెండు నెలలు పట్టింది, ఆ రెండు నెలలూ నాకు సరిగా నిద్ర లేదు. కొన్న బోను పారేయక్కర్లేదు. అడుగు జాలీ తీసేసి గుడ్డ పరిచి ఆసుపత్రికి తీసుకెళ్ళడానికి ఉంచుకోండి.

అద్దె ఇల్లు. ఓనరుగారు ఒప్పుకుంటారా?

ముందే చెప్పి అడగడం మంచిది. వాళ్ళ భయాలు మూడే ఉంటాయి: వాసన, గోడలు గీరడం, నేల మీద మరకలు. గోడకు మేకు కొట్టనని, గోడవైపు కూడా జాలీ పెడతానని, కింద వినైల్ షీటు పరుస్తానని చెప్పండి. కుందేలు అరవదు, మెట్ల మీదికి రాదు. మా ఓనరమ్మగారు మొదట మొహం ముడుచుకున్నారు. ఇప్పుడు కొత్తిమీర కాడలు కవర్లో వేసి పంపుతారు.

ఒకటి పెంచితే చాలా, జత ఉండాలా?

కుందేలు గుంపులో బతికే జీవి. ఒంటరిదానికి మనిషి తోడు రోజూ చాలా గంటలు కావాలి. ఇంట్లో అందరూ ఉద్యోగాలకు వెళ్ళేవాళ్ళయితే జతే మేలు. కానీ "ఆడా మగా జత" అని ఇచ్చినవి రెండూ మగవి అయ్యి రక్తాలు వచ్చేలా కొట్టుకోవడం, "రెండూ ఆడవే" అన్నవి నెల తిరక్కుండా పిల్లలు పెట్టడం మామూలు. నాలుగు నెలలకే అవి ఈడుకొస్తాయి, చూలు 31 రోజులు. పిల్లలు పెట్టిన రోజునే తల్లి మళ్ళీ చూలు కట్టగలదు. అందుకని నాలుగు నెలలు దాటకముందే వైద్యుడికి చూపించి ఏది ఆడదో ఏది మగదో తేల్చుకోండి, పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్ అయ్యేదాకా మధ్యలో జాలీ అడ్డం పెట్టి విడివిడిగా ఉంచండి. మగదానికి ఆపరేషన్ అయ్యాక కూడా ఆరు వారాలు ఆగి కలపాలి, అంతదాకా దానికి పిల్లల్ని కలిగించే శక్తి ఉండొచ్చు.

కుందేలు పెంచితే అడవి శాఖవాళ్ళు కేసు పెడతారట, నిజమేనా?

కేసు పెట్టేది చెవులపిల్లి విషయంలో. కొండవాలుల్లో, పొలాల్లో తిరిగే గోధుమరంగు చెవులపిల్లి 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షణలో ఉంది, దాన్ని పట్టడమూ పెంచడమూ నేరం. మనం ఇళ్ళలో పెంచే కుందేలు వేరే జాతి, యూరప్ నుంచి వచ్చిన పెంపుడు జంతువు. దాని మీద ఆ నిషేధం లేదు.

## చోటు, కొలతలు

మా హాలే పది బై పన్నెండు. అందులో కుందేలుకు ఎంతని ఇవ్వాలి?

నాలుగడుగుల వెడల్పు, ఆరడుగుల పొడవు. ఇంకా ఇవ్వగలిగితే ఇవ్వండి, తగ్గించకండి. ఈ లెక్క ఊరికే పెట్టింది కాదు. పెద్ద కుందేలు వరసగా మూడు గంతులు వేయగలగాలి, ఒళ్ళు సాచి పడుకోవాలి, వెనక కాళ్ళ మీద లేచి నిలబడితే చెవులు పైన తగలకూడదు. బ్రిటన్‌లో కుందేళ్ళ సంక్షేమం చూసే సంస్థ రెండు కుందేళ్ళకు మూడు మీటర్ల పొడవు, రెండు మీటర్ల వెడల్పు ఉండాలంటుంది. మన ఫ్లాట్లలో అంత చోటు దొరకడం కష్టం. ఆ లోటును రోజూ బయటికి వదిలే గంటలతో పూడ్చాలి.

చోటు వెతికేటప్పుడు నేను చేసిన పని చెబుతాను. సుద్దముక్కతో నేల మీద ఆ కొలత గీసి, రెండు రోజులు దాన్ని తొక్కకుండా తిరిగాం. అప్పుడు తెలిసింది, మేం నిజంగా వాడని మూల సోఫా వెనక ఉందని. సోఫాను గోడకు తోసి, ఆ చోటును ముందుకు తెచ్చాం. టీపాయ్ తీసేశాం, ఇప్పటిదాకా దాని అవసరం రాలేదు. చాలా ఇళ్ళలో చోటు లేకపోవడం కాదు, ఎవరూ వాడని సామాను కింద చోటు ఇరుక్కుని ఉంటుంది.

బాల్కనీలో పెట్టేస్తే సరిపోదా?

విశాఖలో వద్దనే చెబుతాను. మధ్యాహ్నం గచ్చు కాలిపోతుంది, వాన వస్తే జల్లు లోపలికి కొడుతుంది, గ్రిల్ మీదికి పిల్లులు వస్తాయి. పిల్లి ముట్టుకోకపోయినా సరే, జాలీ అవతల కూర్చుని చూస్తే చాలు, కుందేలు బెదిరి గోడకేసి కొట్టుకుంటుంది. సాయంత్రం చల్లబడ్డాక మీరు పక్కన కూర్చుని గంటసేపు తిప్పడానికి మాత్రం బాల్కనీ బాగుంటుంది.

అంతస్తులుగా పైకి కడితే చోటు కలిసొస్తుంది కదా?

కొంతవరకే. పావురం ఎగురుతుంది, పిల్లి ఎక్కుతుంది, కుందేలు నేల మీద పరిగెత్తే జీవి. మూడడుగుల పొడవున్న మూడు అంతస్తులు పేర్చితే తొమ్మిది అడుగులు అవదు, మూడు ఇరుకు గదులు అవుతాయి. అడుగు ఎత్తులో ఒక చిన్న అరుగు వేయండి చాలు. దాని మీద ఎక్కి కూర్చుని చూడటం వాటికి మహా ఇష్టం, కింద నీడ కూడా దొరుకుతుంది. అంతకుమించిన ఎత్తు నుంచి టైల్స్ మీదికి దూకితే కాలు విరగొచ్చు.

మంచం కింద పెట్టొచ్చా?

మంచం కాళ్ళు ఎత్తుగా ఉండి, ఒకవైపు జాలీ బయటికి నాలుగడుగులు సాగితే పెట్టొచ్చు. పూర్తిగా మంచం కిందే అయితే నిలబడలేదు, మీకు ఊడ్వడం కుదరదు. వారం తిరిగేసరికి వాసన మొదలవుతుంది.

## సామాను

జాలీ షాపులో పది రకాలు చూపించారు. ఏది తీసుకోవాలి?

వెల్డెడ్ మెష్ తీసుకోండి, కన్ను అంగుళం బై అంగుళం. మూడు నెలల లోపు పిల్లలుంటే కింది అడుగు ఎత్తుదాకా అరంగుళం కన్ను. కోళ్ళకు వాడే ఆరు పలకల సన్న జాలీ వద్దు, పళ్ళతో తెంపేస్తాయి, తెగిన కొస కంట్లో గుచ్చుకుంటుంది. ప్లాస్టిక్ నెట్ ఒక్క రాత్రి కూడా ఆగదు.

ఇక్కడ ఉప్పుగాలి సంగతి ఆలోచించాలి. పెద వాల్తేరు, లాసన్స్ బే వైపు ఇళ్ళలో మామూలు ఇనుము ఏడాదికే పొట్టు రేగుతుంది. జింకు పూత ఉన్న జాలీ తుప్పును ఆపుతుంది గానీ, రోజూ కొరికే కుందేలుకు ఆ జింకు కడుపులోకి వెళ్తే విషం. కొత్త జాలీని వెనిగర్ కలిపిన నీళ్ళతో బ్రష్ పెట్టి రుద్ది, కడిగి ఎండబెడితే పైన పొడిలా ఉండే పూత పోతుంది. కొరికే అలవాటు బాగా ఉన్నదానికి పౌడర్ కోటింగ్ ఉన్నదో, డబ్బు పెట్టగలిగితే స్టెయిన్‌లెస్ స్టీలుదో మంచిది. ఫ్రేము మాత్రం కిటికీలు చేసే అల్యూమినియం సెక్షన్ పనివాళ్ళ దగ్గర చేయించుకోండి. తుప్పు పట్టదు, తేలిక, ఇల్లు మారితే మడిచి తీసుకెళ్ళొచ్చు. ఈ ఒక్క చోట నేను ఖర్చుకు వెనకాడొద్దంటాను.

ముక్కలుగా కలుపుకునే గ్రిడ్ ప్యానెళ్ళు ఎన్ని కావాలి?

పుస్తకాల అరలు, చెప్పుల స్టాండు చేసుకోవడానికని అమ్మే 14 అంగుళాల చదరపు తీగ ప్యానెళ్ళు ఆన్‌లైన్‌లో దొరుకుతాయి. పొడవుకు 5, వెడల్పుకు 4 పెడితే లోపల సుమారు 27 చదరపు అడుగులు వస్తుంది. చుట్టూ ఒక వరసకు 18. రెండు వరసలకు 36, ఎత్తు 28 అంగుళాలు. గంతులేసే కుందేలైతే మూడో వరస కావాలి, మొత్తం 54. నాలుగైదు ఎక్కువే తెప్పించండి, తలుపుకూ అడ్డుగోడకూ పనికొస్తాయి. కొనే ముందు కన్ను కొలత చూడండి. ఒక్కో వైపు తొమ్మిది గళ్ళున్నవి తీసుకోండి, ఐదు గళ్ళున్నవాటిలో తల ఇరుక్కుంటుంది. వాటితో వచ్చే ప్లాస్టిక్ బిళ్ళలు ఊడిపోతాయి, కేబుల్ టైలతోనే కట్టండి.

పోర్టు వైపు, గాజువాక వైపు పాత చెక్క ప్యాలెట్లు చవగ్గా దొరుకుతాయి. వాడొచ్చా?

ముద్ర చూసి తీసుకోండి. దేశాల మధ్య సరుకుతో తిరిగే ప్యాలెట్ల మీద గోధుమకంకి గుర్తు ఉన్న ముద్ర ఉంటుంది. అందులో హెచ్‌టీ అని ఉంటే ఆ చెక్కను లోపలిదాకా 56 డిగ్రీల వేడిలో అరగంట ఉంచారని అర్థం. ఎంబీ అని ఉంటే మిథైల్ బ్రోమైడ్ పొగ పట్టించారు, అది మన గుమ్మం దాటకూడదు. ముద్రే లేనిది, నూనె మరకలున్నది, రంగు వేసింది కూడా వదిలేయండి. హెచ్‌టీ చెక్కే అయినా మేకులన్నీ లాగేసి, గరుకుకాగితంతో రుద్ది, కడిగి, రెండు మూడు రోజులు ఎండలో పెట్టాలి. గవ్వ ఎక్కి కూర్చునే అరుగు అలాంటి చెక్కతోనే చేశాను.

ప్లైవుడ్, పీవీసీ పైపులు?

రెండూ కుందేలు పళ్ళకు అందని చోటే. ప్లైవుడ్ పొరల మధ్య జిగురు ఉంటుంది, పైగా మూత్రం పీల్చి ఉబ్బిపోతుంది. పీవీసీ ముక్కలు మింగితే పేగుకు అడ్డం పడతాయి.

ఎత్తు ఎంతుండాలి? పైన మూత వేయాలా?

మూడడుగులు ఉంటే ఎక్కువ కుందేళ్ళు దాటవు. కానీ లోపలి అరుగును, పెట్టెను జాలీకి ఆనించి పెడితే దాని మీంచి దూకేస్తాయి. వాటిని మధ్యలో పెట్టండి. మూత అవసరం పిల్లి తిరిగే ఇళ్ళకే. బెదిరినప్పుడు పైకి ఎగిరి మూతకు తల కొట్టుకునే ప్రమాదం ఉంటుంది కాబట్టి గట్టి జాలీ బదులు దోమతెర గుడ్డ బిగించి కట్టండి.

## కట్టేటప్పుడు

గోడకు డ్రిల్ వేయకుండా నిలబడుతుందా?

నిలబడుతుంది. నాలుగు మూలలే దాని బలం. ప్రతి మూల దగ్గర ప్యానెల్‌కు మూడేసి కేబుల్ టైలు, కింద ఒకటి, మధ్య ఒకటి, పైన ఒకటి. ముందు అన్నీ వదులుగా వేసి, నిలబెట్టి, నేలకు సమంగా ఉందో లేదో చూసి, ఆ తర్వాతే బిగించండి. ముందే బిగిస్తే ఒక మూల లేచి ఊగుతుంది. తోకలు కటింగ్ ప్లేయర్‌తో మొదలంటా కత్తిరించి, ముడి బయటివైపుకు తిప్పండి, లోపలుంటే కొరుకుతాయి. పొడవాటి వైపు మధ్యలో ఊగుతుంటే కిటికీ గ్రిల్‌కో, బీరువా కాలుకో నవారు పట్టీతో కట్టేయండి.

గోడవైపు జాలీ ఎందుకని అడుగుతారు. సున్నం, పుట్టీ గీరి తినడం వాటికి అలవాటు. గోడకు రెండంగుళాలు వదిలి జాలీ పెట్టి, ఆ సందులో అడుగు ఎత్తు సన్‌ప్యాక్ షీటు (బోర్డులకు వాడే గుల్ల ప్లాస్టిక్ షీటు) దూర్చితే గడ్డీ మూత్రం చింది గోడ పాడవదు. ఫ్లెక్సీలు వేసే షాపుల్లో పాత సన్‌ప్యాక్ ముక్కలు అడిగితే ఇచ్చేస్తారు.

తలుపు ఎలా పెట్టాలి?

మీరు లోపలికి అడుగు పెట్టేంత వెడల్పు, అంటే కనీసం రెండడుగులు. చెయ్యి మాత్రమే దూరే తలుపు పెట్టి పైనుంచి పట్టుకుంటే కుందేలుకు గద్ద దిగినట్టే ఉంటుంది, రోజు రోజుకూ మీకు దూరమవుతుంది. తలుపు ప్యానెల్‌ను ఒకవైపు వదులు టైలతో కడితే అవే బందులు అవుతాయి. రెండోవైపు కుక్క గొలుసుకుండే కొక్కెం చాలు. పైన ఒకటి, కింద ఒకటి పెట్టండి. కింద లేకపోతే మూతితో నెట్టుకుని వచ్చేస్తాయి.

టైల్స్ మీద కాళ్ళు జారిపోతున్నాయి. కింద ఏం పరవాలి?

ఒకటే పరిస్తే చాలదు, మూడు పొరలు వేయండి. అడుగున మీటరు లెక్కన అమ్మే వినైల్ షీటు, అంచులు జాలీ బయటికి రెండంగుళాలు రావాలి, లేకపోతే అంచు పట్టుకుని కొరుకుతాయి. దాని మీద మెత్తదనానికి పాత దుప్పటి రెండు మడతలు. పైన జంపకానా గానీ, తుంగచాప గానీ. తుంగచాప నాకు బాగా నచ్చింది. గోరు పట్టు దొరుకుతుంది, కొరికినా గడ్డే కాబట్టి భయం లేదు, పాతబడితే తీసేసి కొత్తది వేయొచ్చు. పిల్లల గదుల్లో వేసే రంగురంగుల ఫోమ్ చాపలు వద్దు, మింగితే పేగులో ఇరుక్కుంటాయి. టర్కీ తువ్వాలు కూడా వద్దు, దాని పోగుల్లో గోరు చిక్కుకుంటుంది.

బయటికి వదిలితే ముందు ఛార్జర్ వైరే కొరుకుతోంది. ఏం చేయాలి?

నేల కింద వేర్లను కొరికి దారి చేసుకునే జాతి అది. వైరు దానికి వేరులాగే కనిపిస్తుంది, తిట్టి లాభం లేదు. కింద ఉన్న ప్రతి వైరునూ రెండడుగుల పైకి ఎత్తండి, ఎత్తలేనిదాన్ని ఎలక్ట్రికల్ షాపులో దొరికే ఫ్లెక్సిబుల్ పైపును పొడుగునా చీల్చి అందులో పెట్టండి. ఇన్వర్టర్, ఫ్రిజ్ వెనక సందు మూసేయండి. పూలకుండీలు కూడా చూసుకోండి. మనీప్లాంటు, డీఫెన్‌బేకియా, గన్నేరు, కలబంద అందకూడదు.

## లోపల ఏముండాలి

ఒకేచోట పోసేలా నేర్పించొచ్చా?

నేర్పించొచ్చు, అందులో సగం పని అదే చేస్తుంది. కుందేలు సాధారణంగా ఒక మూలను ఎంచుకుంటుంది, గడ్డి నములుతూనే రెట్ట వేస్తుంది. మీరు టబ్బును అది ఎంచుకున్న మూలనే పెట్టి, గడ్డిని అందులోనే ఒకవైపు వేయాలి. అడుగున్నర పొడవున్న ప్లాస్టిక్ టబ్బు తీసుకుని, ముందు అంచును నాలుగంగుళాల ఎత్తుకు కోసి, కోసినచోట ఆకురాయితో నున్నగా చేయండి. బయట పోస్తే ఆ తడి కాగితాన్ని తెచ్చి టబ్బులో వేయండి. రెండు మూడు వారాల్లో కుదురుతుంది. ఆపరేషన్ కానివి, ముఖ్యంగా మగవి, ఎంత నేర్పినా తమ హద్దు గుర్తుకని చిమ్ముతూనే ఉంటాయి.

టబ్బులో రంపపు పొట్టు వేయొచ్చా? ఊక?

రంపపు పొట్టు, ఊక రెండూ దుమ్ము. కుందేలు ముక్కుతోనే గాలి పీలుస్తుంది, దుమ్ము వల్ల తుమ్ములు, కళ్ళ నీళ్ళు మొదలవుతాయి. పిల్లులకు వాడే గడ్డకట్టే ఇసుక మింగితే కడుపులోనూ గడ్డకడుతుంది. చింపిన దినపత్రికలు రెండంగుళాల మందం, పైన గడ్డి. నాకు ఆరేళ్ళుగా ఇదే. నిగనిగలాడే పత్రికల కాగితం మాత్రం నీరు పీల్చదు.

గడ్డి గడ్డి అంటారు, ఎండుగడ్డి అంటే వరిగడ్డేనా?

మన దగ్గర ఎండుగడ్డి అనగానే వరిగడ్డే ఇస్తారు, చాలామంది అక్కడే దెబ్బతింటున్నారు. వరిగడ్డి గింజ పండాక మిగిలిన కాడ. బలం తక్కువ, గరుకు ఎక్కువ. పరుపుగా వేసుకోవచ్చు, ఆహారంగా అదొక్కటే చాలదు. కుందేలుకు కావలసింది పచ్చిగా కోసి ఆరబెట్టిన గడ్డి. దిగుమతి అయ్యే తిమోతి గడ్డి ఆన్‌లైన్‌లో వస్తుంది, ఖరీదు ఎక్కువ. గరిక మనకు ఊరంతా ఉంది. మందు కొట్టని, కుక్కలు తిరగని చోట కోసి, కడిగి, డాబా మీద పల్చగా పరిచి, కరకరలాడేదాకా ఆరబెట్టండి. రోజుకు కుందేలు ఒళ్ళంత పరిమాణం గడ్డి పెట్టాలి, ఆ గడ్డి నమలడం వల్లే ఎప్పుడూ పెరుగుతూ ఉండే పళ్ళు అరుగుతాయి, పేగు కదులుతుంది. లూసర్న్ గడ్డిలో కాల్షియం ఎక్కువ, ఆరు నెలల లోపు పిల్లలకే.

దాక్కునే పెట్టె తప్పనిసరా? మాకు కనిపించకుండా పోతుంది కదా.

తప్పనిసరి. దాక్కునే చోటు ఉందని నమ్మకం కుదిరినప్పుడే అది బయటికి వచ్చి మీ పక్కన పడుకుంటుంది. కిరాణా షాపు అట్టపెట్టె చాలు, టేపులు పిన్నులు పీకేసి రెండు వైపులా గుమ్మాలు కోయండి. ఒకే గుమ్మం ఉంటే రెండోది అడ్డంగా కూర్చున్నప్పుడు లోపలిది ఇరుక్కుపోతుంది. కొరికి పాడుచేస్తే చేయనివ్వండి, అది వాటి పని.

నీళ్ళకు సీసానా, గిన్నెనా?

గిన్నె. తల వంచి తాగడం వాటికి సహజం, ఎక్కువ తాగుతాయి. స్టీలు గిన్నె తిరగేస్తాయి కాబట్టి బరువైన పింగాణీది గానీ, వంటింట్లో మూలపడ్డ రాచ్చిప్ప గానీ పెట్టండి. మా అమ్మమ్మ పులుసు కాచిన రాచ్చిప్పలో ఇప్పుడు ఇవి నీళ్ళు తాగుతున్నాయి.

## రోజువారీ

వాసన రాకుండా ఉండాలంటే రోజూ కడగాలా? ఫినాయిల్ వేయొచ్చా?

ఫినాయిల్ వద్దు, దాని ఆవిరి చిన్న జీవుల ఊపిరితిత్తులకు హాని. కలరా ఉండలు కూడా ఆ గదిలో ఉండకూడదు. టబ్బులో తడి కాగితం రోజూ తీసేసి, వారానికి రెండుసార్లు టబ్బు కడిగితే వాసన ఉండదు. కుందేలు మూత్రంలో కాల్షియం ఎక్కువ, ఎండితే తెల్లటి పెచ్చు కడుతుంది. వెనిగర్, నీళ్ళు సగం సగం కలిపి పది నిమిషాలు ఉంచితే టబ్బు నుంచీ టైల్స్ నుంచీ ఊడొస్తుంది. పాలరాయి మీద మాత్రం వెనిగర్ పోయకండి, రాయి మెరుపు పోతుంది. ఎండిన రెట్టలు నేరుగా కుండీల్లో వేయొచ్చు, ఆవు పేడలా కుళ్ళబెట్టాల్సిన పని లేదు. మా డాబా మీద వంగ మొక్కలకు అదే ఎరువు.

రోజుకు ఎంతసేపు బయట వదలాలి?

కనీసం మూడు నాలుగు గంటలు. తెల్లవారుజామున, పొద్దుగూకే వేళ అవి హుషారుగా ఉంటాయి, మధ్యాహ్నం నిద్రపోతాయి. ఉద్యోగాలకు వెళ్ళేవాళ్ళకు ఇది కలిసొచ్చే విషయం. పొద్దున ఐదున్నర నుంచి ఏడున్నర, రాత్రి ఏడు నుంచి తొమ్మిది మా ఇంటి లెక్క. ఆ వేళల్లో పైకెగిరి గాలిలోనే ఒళ్ళు మెలిపెట్టి దిగుతాయి. ఆనందంతో చేసే పని అది. ఇరుకు బోనులో ఉన్న నాలుగు నెలల్లో గవ్వ ఒక్కసారి కూడా అలా ఎగరలేదు.

## ఎండ, వాన, తుఫాను, మోత

మే నెలలో ఏసీ లేకుండా గడుస్తుందా?

జాగ్రత్తపడితే గడుస్తుంది. కుందేలుకు చెమట పట్టదు, ఒంట్లో వేడి ఎక్కువగా చెవుల నుంచే పోతుంది. 28 డిగ్రీలు దాటితే ఇబ్బంది మొదలవుతుంది, మన ఉక్కపోత దాన్ని ఇంకా పెంచుతుంది. రాయలసీమ చుట్టాలు కూలర్ పెట్టమంటారు. పొడిగాలి ఊళ్ళలో అది పనిచేస్తుంది, ఇక్కడి గాలిలో అప్పటికే తేమ నిండి ఉంటుంది కాబట్టి కూలర్ ఉక్కను పెంచుతుందే గానీ చల్లబరచదు.

పడమటి కిటికీకి మందపాటి తెర కట్టండి. సీసాలో నీళ్ళు గడ్డకట్టించి పాత బనియను చుట్టి లోపల పెట్టండి, పక్కన ఆనుకుని పడుకుంటాయి. తుంగచాప ఒక మూల తీసేసి చల్లటి టైల్ మీద పడుకోనివ్వండి. గంటకోసారి తడిచేత్తో చెవులు నిమిరి ఫ్యాను గాలి తగలనివ్వండి. నోరు తెరిచి రొప్పుతున్నా, చొంగ కారుతున్నా, తూలుతున్నా వడదెబ్బే. చెవులూ పాదాలూ మామూలు నీళ్ళతో తడుపుతూ వెంటనే వైద్యుడి దగ్గరికి తీసుకెళ్ళండి. ఐసు నీళ్ళలో ముంచడం ప్రాణం మీదికి తెస్తుంది.

వానాకాలం గడ్డికి బూజు పడుతోంది. దాన్నే ఎండబెట్టి వేయొచ్చా?

వేయకండి. బూజు ఎండినా దాని విషం పోదు. గడ్డిని ప్లాస్టిక్ కవర్లో మూతి బిగించి పెట్టకుండా గోనెసంచిలో పోసి, నేలకు అడుగు ఎత్తులో, గోడకు తగలకుండా ఉంచండి. వానల్లో ఇంకో ప్రమాదం ఈగలు. తోక దగ్గర తడి, మురికి ఉంటే అక్కడ గుడ్లు పెడతాయి, ఒక్క రోజులో పురుగులు పుట్టి మాంసంలోకి తొలుస్తాయి. పొద్దునా సాయంత్రమూ వెనక భాగం చూడటం అలవాటు చేసుకోండి. లావెక్కి తనను తాను నాకి శుభ్రం చేసుకోలేని కుందేళ్ళను ఇంకా జాగ్రత్తగా చూడాలి.

తుఫాను హెచ్చరిక వస్తే ఏం సిద్ధం చేయాలి?

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ మన ఊరి మీదే తీరం దాటింది. రోజుల తరబడి కరెంటు లేదు, కొళాయి నీళ్ళు లేవు, పాల ప్యాకెట్ కోసం గంటల తరబడి నిలబడ్డాం. అప్పటికి నా దగ్గర కుందేళ్ళు లేవు. ఉండి ఉంటే ఏం పెట్టేదాన్నో అని ఇప్పుడు ప్రతి అక్టోబరులో ఆలోచిస్తాను. అందుకే సెప్టెంబరు చివరికల్లా రెండు వారాల గడ్డి బరకంలో చుట్టి పైన పెడతాను, వాటికోసం విడిగా ఇరవై లీటర్ల డబ్బా నింపుతాను. గాలి మొదలయ్యేముందు గూటిని కిటికీ అద్దాలకు దూరంగా, లోపలి గదిలోకి మార్చండి. మడిచే ప్యానెళ్ళయితే పావుగంట పని. మోసుకెళ్ళే బుట్ట తలుపు దగ్గరే ఉండాలి.

దీపావళి మోతకు, నేవీ డే విమానాలకు వణికిపోతున్నాయి.

భయంతోనే ప్రాణం పోయేంత సున్నితమైనవి. డిసెంబరు 4కు ముందు ఆర్కే బీచ్ వైపు రిహార్సల్స్ జరిగే ఏడాది విమానాలు ఇళ్ళ మీంచి కిందుగా వెళ్తాయి. దీపావళికైతే వారం రోజులు మోతే. గూటి మూడువైపులా మందపాటి దుప్పటి కప్పి, గాలికి ఒకవైపు వదలండి. కిటికీలు మూసి ఫ్యాను వేయండి. అట్టపెట్టెలో గడ్డి దట్టంగా కూరండి. ఎత్తుకుని ఓదార్చాలనిపిస్తుంది, కానీ బెదిరిన కుందేలు తన్నుకుని నడుము విరగ్గొట్టుకుంటుంది. పక్కన నేల మీద కూర్చోండి, అదే మీ దగ్గరికి వస్తుంది.

## తేడా వస్తే

రాత్రంతా జాలీ కొరుకుతోంది, ఇంట్లో ఎవరికీ నిద్ర లేదు.

బయటికి రావాలని అడుగుతోంది. కొరికినప్పుడు లేచి వెళ్ళి ఏదైనా పెడితే, కొరికితే పెడతారని నేర్చుకుంటుంది. పడుకునే ముందు ఇంకో గంట వదలండి, రాత్రికి కావలసిన గడ్డి అప్పుడే నిండుగా వేయండి, జామ కొమ్మలు ఆకులతో సహా జాలీకి కట్టండి. వారం చూసినా తగ్గకపోతే చోటు చాలడం లేదని అర్థం చేసుకుని గూటిని ఇంకో రెండు ప్యానెళ్ళు జరపండి. ముందు పళ్ళు వంకరగా పెరిగాయేమో కూడా చూపించండి.

పొద్దుటి నుంచి ఏమీ తినలేదు. రేపటిదాకా చూడొచ్చా?

చూడొద్దు. పన్నెండు గంటలు తినకపోయినా, రెట్ట వేయకపోయినా అది అత్యవసరం. కుందేలు పేగు ఆగితే దానంతట అది మళ్ళీ కదలడం కష్టం. మందుల షాపులో అడిగి ఏదో ఒకటి వేయకండి. మనుషులకు మామూలుగా రాసే అమాక్సిసిలిన్ నోటి ద్వారా ఇస్తే కుందేలు పేగులోని మంచి సూక్ష్మజీవులు చచ్చి అది బతకదు. కుక్కల పేలకు వాడే ఫిప్రోనిల్ చుక్కలూ అంతే. కుందేళ్ళను చూసే వైద్యుడు ఎవరో ఈరోజే, అది ఆరోగ్యంగా ఉండగానే, నాలుగు చోట్ల అడిగి నంబరు గోడ మీద రాసుకోండి.

సంక్రాంతికి శ్రీకాకుళం వెళ్ళాలి. నాలుగు రోజులు ఎలా?

గడ్డీ నీళ్ళూ నింపేసి తాళం వేసి వెళ్ళడం కుదరదు. రోజుకు రెండు పూటలా వచ్చి చూసే మనిషి కావాలి. పక్కింటి పిల్లలకు ముందే వారం రోజులు మీ ఎదుటే చేయించండి: తడి కాగితం తీయడం, గడ్డి నింపడం, రాచ్చిప్ప కడగడం, తిన్నదా రెట్ట వేసిందా చూడటం. మేం వెళ్ళేటప్పుడు పక్కింటి ఎనిమిదో తరగతి గుంట పొద్దునా సాయంత్రమూ గూటి ఫోటో తీసి పంపుతుంది. టబ్బులో రెట్టలు కనిపించేలా తీయమ్మా అని చెప్పాను, అలాగే తీస్తుంది.